సొంత అచ్చా, పత్రికకు పంపడమా?

వ్రాసినదానిని సొంత డబ్బుతో అచ్చు వేయించుకోవడం మేలా, పేరున్న పత్రికకు పంపి సంపాదకుని దయకోసం ఎదురుచూడడం మేలా? ఈ సందేహం కొత్తది కాదు. నూట యాభై ఏళ్ళ క్రిందటే మన పెద్దలకు ఎదురైంది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించారు. మావలెనే ఆయన కూడా బడిపంతులే. మొదట పత్రికను చెన్నపట్టణంలో అచ్చు వేయించి తెప్పించుకునేవారు. గోదావరి ఒడ్డున వ్రాసినది అంతదూరం పోయి రావాలి! తరువాత రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయమే పెట్టుకున్నారు. 1878లో 'రాజశేఖర చరిత్రము'ను తన పత్రికలోనే విడతలుగా ప్రకటించి, 1880లో పుస్తకంగా తెచ్చారు. లంచగొండితనాన్ని, మూఢాచారాలను ఎండగట్టే ఆయన వ్రాతలకు పరుల పత్రికలో ఎంత చోటు దొరికేదో చెప్పలేము.

వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టారు. అది ఏడాదికి మించి సాగలేదు.

గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కం'ను 1897లో పుస్తకంగా వేశారు గాని, 'ముత్యాల సరాలు', 'దిద్దుబాటు' కథ 1910లో బందరు 'ఆంధ్రభారతి'లో వచ్చాయి. అంత చిన్న కథను విడి పుస్తకంగా వేస్తే ఎందరు కొనేవారు? పత్రికతోపాటు అది చందాదారుల ఇళ్ళకే వెళ్ళింది.

మాకు ఎక్కువ నచ్చిన ఉదాహరణ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. మనవలెనే తెలుగునేలకు దూరంగా ఉండి, బొంబాయిలో అమృతాంజనం అమ్మిన డబ్బుతో 1908లో 'ఆంధ్రపత్రిక' వారపత్రికను పెట్టారు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో 'భారతి' మాసపత్రిక పుట్టింది. అందులో రచన పడడమే ఒక గౌరవం. ఆ 'భారతి' కూడా 1991లో ఆగిపోయింది.

మలేషియాలోని మా సాయంకాలపు తరగతి పిల్లలు అవ్వలు, తాతలు చెప్పిన రబ్బరు తోటల ముచ్చట్లను నోటుపుస్తకాలలో వ్రాసుకున్నారు. వాటిలో మలాయి మాటలు, తమిళ మాటలు కలిసిపోయి ఉన్నాయి. విజయవాడ సంపాదకునికి అవి తప్పులుగా కనబడవచ్చు. దిద్దితే అవి మా అవ్వ మాటలు కాకుండా పోతాయి. అందుచేత ఆ ముచ్చట్లను ఉన్నవి ఉన్నట్లు మేమే అచ్చు వేయించి, ఇంటికొక ప్రతి ఇవ్వదలచాము. వలస చరిత్రపై మా వ్యాసాలను మాత్రం ఆంధ్ర, తెలంగాణ పత్రికలకు పంపుతాము. అక్కడివారికి మన సంగతి తెలియవలసి ఉన్నది గదా!

పాత ఉత్తరాలు, నోటుపుస్తకాలు ఉన్న కుటుంబాలవారు వచ్చే తరగతికి వాటిని తీసుకురావలసిందిగా కోరుతున్నాము. చూసి, నకలు వ్రాసుకొని తిరిగి ఇచ్చివేస్తాము.