సంచీ నుంచి లేఆఫ్ దాకా

‘శాక్’, ‘ఫైర్’, ‘రిట్రెంచ్‌మెంట్’, ‘లేఆఫ్’ – ఈ నాలుగూ పర్యాయపదాలని చాలాకాలం నా విద్యార్థులకు చెబుతూ వచ్చాను. అది నా పొరపాటు. ఏ మాట ఎవరి నోట పుట్టిందో చూడాలి.

శాక్ అంటే సంచీ. పూర్వం చేతిపనివాడు పనిముట్లు తన సంచీలో వేసుకొచ్చేవాడనీ, యజమాని ఆ సంచీ చేతికిస్తే పని ముగిసినట్టేననీ చెబుతారు. ఈ పలుకుబడి ఫ్రెంచిలో 17వ శతాబ్దానికే ఉంది. ఇంగ్లీషు రాతల్లో 19వ శతాబ్ది తొలిభాగంలో కనిపిస్తుంది. ఇది కూలివాడి మాట. మొరటుది, కాని దాపరికం లేనిది. ఇచ్చినవాడెవడో, పుచ్చుకున్నవాడెవడో తెలుస్తూనే ఉంటుంది. (ఆ సంచీలో పనిముట్లయినా ఉండేవి. మిల్లు కార్మికుడికి అవీ లేవు.) 19వ శతాబ్ది చివర అమెరికాలో వచ్చిన ‘ఫైర్’ కూడా ఈ జాతిదే.

ప్రభుత్వాల, యాజమాన్యాల మాటలు వేరు. రిట్రెంచ్‌మెంట్ అంటే మొదట ఖర్చు తగ్గింపు. 1922లో ఇంచ్‌కేప్ ప్రభువు అధ్యక్షతన మన దేశంలో వేసిన కమిటీ పేరులో ఉన్నది ఆ అర్థమే. కొట్టేసిన పద్దు వెనక మనిషి ఉంటాడు; మాటలో ఉండడు.

ఆ మాట అర్థం మీద కార్మికుల కూడు ఆధారపడిన సందర్భం ఒకటుంది. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి, శిక్షగా కాక మరే కారణంచేతనైనా యజమాని కార్మికుణ్ణి తొలగించటమే రిట్రెంచ్‌మెంట్ అని నిర్వచించారు, పరిహారం విధించారు. బార్సీ లైట్ రైల్వే ప్రభుత్వపరమయ్యేటప్పుడు కంపెనీ తన పనివాళ్ళకు నోటీసులిచ్చింది. చాలామందిని ప్రభుత్వం తిరిగి చేర్చుకున్నమాట నిజమే. పరిహారం వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నడుస్తున్న సంస్థ అదనపు సిబ్బందిని తీసేస్తేనే రిట్రెంచ్‌మెంట్, సంస్థ చేతులు మారితే కాదు అని 1956 నవంబరులో కోర్టు తీర్పు చెప్పింది. ‘మరే కారణంచేతనైనా’ అని చట్టంలో ఉండగానే! 1957లో పార్లమెంటు మళ్ళీ సవరణ చేయవలసివచ్చింది.

లేఆఫ్ కథ మరీ విచిత్రం. 1953 నిర్వచనం ప్రకారం బొగ్గో, కరెంటో, ముడిసరుకో కొరవడి యజమాని పని ఇవ్వలేకపోవటం లేఆఫ్. కార్మికుడి పేరు మస్టరు రోల్లోనే ఉండేది. అర్హులకు సగం వేతనం ముట్టేది. ఇవాళ హైదరాబాదు సాఫ్ట్‌వేరు ఉద్యోగికి లేఆఫ్ అంటే ఉద్యోగం పూర్తిగా పోవటమే. అమెరికాలో అర్థం అలా మారి, ఆ వాడుకే ఇక్కడికి దిగింది. పాత మెత్తదనం మాత్రం పోలేదు. ‘లేఆఫ్ అయ్యాను’ అంటాడు కుర్రవాడు, జ్వరం తగిలినట్టు.

అతని తాత అయితే ‘తీసేశారు’ అనేవాడు. ఎవరు అని అడిగితే పేరు కూడా చెప్పేవాడు.