శాంతి చర్చల్లో మహిళలు: ఉత్తర ఐర్లాండ్‌లో ఒక్క శాతం ఓట్లతో దక్కిన చోటు

ఉత్తర ఐర్లాండ్ మహిళా కూటమి 1996లో పుట్టిన చిన్న రాజకీయ పార్టీ. అక్కడి హింసకు ముగింపు పలికిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం చర్చల్లో ఈ పార్టీ పాల్గొంది.

నేపథ్యం

బ్రిటన్‌లోనే ఉండాలన్నది యూనియనిస్టుల పట్టు. వారిలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. ఐర్లాండ్‌లో కలవాలన్నది నేషనలిస్టుల కోరిక. వారిలో ఎక్కువమంది కాథలిక్కులు. 1960ల చివర రాజుకున్న ఈ గొడవ మూడు దశాబ్దాలు సాగి, 3,500 మందికి పైగా ప్రాణాలు తీసింది. అన్నేళ్లూ రెండు వర్గాల వాడల మధ్య మాటలు తెగిపోకుండా చూసినవారిలో మహిళా సంఘాలూ ఉన్నాయి. పార్టీల నాయకత్వంలో మాత్రం మహిళలు అరుదు.

చర్చల్లోకి ఎలా వచ్చారు?

చర్చలకు ప్రతినిధులను 1996 మే 30న ఎన్నుకున్నారు. నియోజకవర్గాల సీట్లు కాక, మొత్తం ఓట్లలో మొదటి పది స్థానాల్లో నిలిచిన పార్టీలకు రెండేసి సీట్లు ఇచ్చారు. సాయుధ ముఠాలతో సంబంధమున్న చిన్న పార్టీలను కూడా చర్చల్లో కూర్చోబెట్టడం ఈ ఏర్పాటు ఉద్దేశం. అదే తలుపు గుండా మహిళలూ లోపలికి వచ్చారు.

మహిళలను అభ్యర్థులుగా నిలపమని సంఘాలు ముందు పాత పార్టీలనే అడిగాయి. స్పందన లేకపోవడంతో కొన్ని వారాల్లోనే సొంత పార్టీ పెట్టుకున్నాయి. వచ్చిన ఓట్లు ఒక్క శాతం, దక్కింది తొమ్మిదో స్థానం. కాథలిక్ అయిన అధ్యాపకురాలు మోనికా మెక్‌విలియమ్స్, ప్రొటెస్టెంట్ అయిన పెర్ల్ సాగర్ ప్రతినిధులయ్యారు. వారు మాట్లాడుతుంటే కొందరు పురుష సభ్యులు ఆవుల్లా అరిచి వెక్కిరించారు.

ఒప్పందంలో వారి పాత్ర

సరిహద్దులు, అధికార పంపకం, ఆయుధాల చుట్టూ చర్చలు తిరుగుతుండగా, హింసలో నష్టపోయిన కుటుంబాల గురించి కూటమి గట్టిగా మాట్లాడింది. బాధితుల హక్కులు, రెండు వర్గాల పిల్లలు కలిసి చదివే బడులు, కలిసి ఉండే ఇళ్లు, రాజకీయాల్లో మహిళలకు పూర్తి భాగస్వామ్యం, పౌర వేదిక వంటివి ఒప్పందంలో చేరడానికి వారి పట్టుదల తోడ్పడింది. 1998 మే 22 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో 71 శాతం మంది ఒప్పందానికి మద్దతు తెలిపారు.

ఆ తర్వాత

1998 శాసనసభ ఎన్నికల్లో కూటమికి రెండు సీట్లు వచ్చాయి. ఈసారి మొదటి పది పార్టీల ఏర్పాటు లేదు. 2003లో ఆ రెండూ పోయాయి, 2006లో పార్టీయే మూతపడింది. 2000లో మొదలైన పౌర వేదిక 2002లో ఆగిపోయింది. ఉమ్మడి బడుల హామీ కాగితం మీద నిలిచింది కానీ, ఇప్పటికీ ఎక్కువమంది పిల్లలు వేరువేరు బడుల్లోనే చదువుతున్నారు.

శాంతి చర్చల్లో మహిళల భాగస్వామ్యం పెంచాలని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2000 అక్టోబరు 31న 1325వ తీర్మానంలో దేశాలను కోరింది. ఆ భాగస్వామ్యం సీట్ల లెక్కతో మొదలవుతుందనీ, ఒప్పందం కుదిరాక కూడా ఆ సీటు నిలవాలనీ ఉత్తర ఐర్లాండ్ అనుభవం చెబుతోంది.