సుర్మాలో సీసం, సంగటిలో కాల్షియం

మా రాయదుర్గంలో ఈద్ నాడు గుస్ల్, ఇత్తర్ అయ్యాక సుర్మా. చంటిపిల్లలకూ పెడతారు. పాత కితాబుల్లో దీని పేరు ఇస్మిద్. దాన్ని యాంటిమొనీ రాయి అని చాలామంది అర్థం చెబుతారు. బజారులో నల్లగా మెరిసేది మాత్రం చాలాసార్లు గెలీనా, అంటే సీసపు ఖనిజమే.

1968లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కంటి సుర్మాతో సీసం విషమెక్కిన సంగతి అచ్చయింది. బిడ్డ కళ్లు నులుముకుంటుంది, అదే వేలు నోట్లో పెట్టుకుంటుంది. అంతే.

1970లో సిక్స్, గోయర్ ఎలుకల మీద తజుర్బా చేశారు. కాల్షియం తక్కువ తిన్నవాటి ఒంట్లో సీసం ఎక్కువ పేరుకుంది. 1972లో ఇనుము తగ్గించి చూసినా అదే నతీజా. పేగుల్లో ఈ ఖనిజాలు వెళ్లే దారుల్లోనే సీసమూ దూరుతుంది మరి. 1971లో సైన్స్ పత్రిక ఇంకో సంగతి చెప్పింది: పైకి ఏ అలామత్ కనిపించనంత సీసం ఇచ్చినా, చిట్టెలుకలు సాల్మొనెల్లా క్రిమికి తేలిగ్గా లొంగిపోయాయి. అంటే రోగాన్ని ఆపే తాకత్ తగ్గిందన్నమాట.

మా కరువు సీమ దస్తర్‌ఖాన్ మీద ఒకప్పుడు రాగిసంగటి ఉండేది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. తెల్లబియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది; గరీబుల ఆకలి తీరింది, కాదనను. సంగటి ముద్ద మాత్రం చిన్నదైంది. సుర్మాదానీ అలాగే ఉంది.

సంగటి సీసానికి విరుగుడు కాదు. లోపలికి చేరేదాన్ని కొంత తగ్గిస్తుందంతే. పసిబిడ్డల కళ్లకు మాత్రం సుర్మా వద్దేవద్దు. ఇప్పటికే పెడుతుంటే డాక్టర్‌ని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.