పార్కిన్సన్స్‌లో కుంగుబాటు: వేళ అడగని పరిశోధన

పార్కిన్సన్స్ రోగుల కుంగుబాటు గురించి రాసినవారు దాని తీవ్రతను కొలిచారు, మందులను పోల్చారు, కారణాలు వెతికారు. రోజులో ఏ వేళకు మనసు కుంగుతోందన్న ప్రశ్నను మాత్రం చాలామంది పక్కన పెట్టేశారు. రోగి ఇంట్లోవాళ్లను కదిపితే మొదట చెప్పేది వేళల సంగతే. పగలంతా కుర్చీలో కునికిపాట్లు, రాత్రి రెండింటికి లేచి లైటు వేసుకుని కూర్చోవడం, తెల్లారాక పలకరించినా పలకకపోవడం. డాక్టరు గదిలోకి వచ్చేసరికి ఇది రెండు ముక్కలవుతుంది: నిద్ర ఒక సమస్య, దిగులు మరో సమస్య. ఈ విభజనే తప్పు.

2008లో రైండర్స్ బృందం అంతకుముందటి అధ్యయనాలను కలిపి చూస్తే, వైద్యపరంగా పట్టించుకోదగ్గ కుంగుబాటు లక్షణాలు 35 శాతం రోగుల్లో తేలాయి. చెయ్యి వణుకుతోందన్న బెంగతోనే ఇంతమంది కుంగిపోతున్నారనుకుని సరిపెట్టుకోలేం.

2014లో కేంబ్రిడ్జిలో బ్రీన్, బార్కర్ బృందం కొత్తగా జబ్బు బయటపడిన 30 మందిని ఆరోగ్యవంతులైన 15 మందితో పోల్చింది. రోగుల రక్తంలో నిద్ర హార్మోన్ మెలటోనిన్ తక్కువగా, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువగా ఉంది. జీవ గడియారాన్ని నడిపే జన్యువుల్లో ఒకటైన బీమాల్1లో వేళను బట్టి రావాల్సిన హెచ్చుతగ్గులు కనబడలేదు. కార్టిసాల్ పెరగడం తీవ్రమైన కుంగుబాటులోనూ ఎప్పటినుంచో తెలిసిన లక్షణమే. అదే ఏడాది అమెరికాలో విదెనోవిచ్ బృందం 20 మంది రోగులకు 24 గంటలపాటు, అరగంటకోసారి రక్తం తీసి చూసింది. రాత్రిపూట ఎత్తుగా లేవాల్సిన మెలటోనిన్ అల చదునుబడి ఉంది. పగటి మగత ఎక్కువగా ఉన్నవారిలో మరీ చదునుగా ఉంది. ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే డోపమిన్ రసాయనం కంటి రెటీనాలోనూ ఉంటుంది, అక్కడా తగ్గుతుంది. పగటి వెలుగు మెదడులోని గడియారానికి చేరే దారే బలహీనపడితే శరీరానికి పగలేదో రాత్రేదో తెలిసే వీలు తగ్గిపోతుంది.

గడియారం జబ్బుకంటే ముందే గాడి తప్పుతుందనడానికీ ఆధారముంది. లెంగ్, యాఫీ బృందం 2,930 మంది వృద్ధుల చేతికి పరికరం కట్టి కదలికలను నమోదు చేసి, వారిని 11 ఏళ్లు గమనించి 2020లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 78 మందికి పార్కిన్సన్స్ వచ్చింది. రోజువారీ కదలికల లయ బాగా బలహీనంగా ఉన్నవారికి ముప్పు సుమారు మూడు రెట్లు.

మెలటోనిన్ తగ్గుతుందన్న మాటకు ఎదురుగా, సిడ్నీలో బోలితో బృందం మందులు వాడుతున్న రోగుల్లో మెలటోనిన్ పెరగడం చూసింది గానీ, దాన్ని మందుల ప్రభావంగానే చూడాలి.

అసలు పేచీ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి 2019లో వచ్చిన రుట్టెన్ బృందం అధ్యయనంతో. కుంగుబాటు ఉన్న 83 మంది పార్కిన్సన్స్ రోగుల్లో కొందరికి 10,000 లక్స్, మిగిలినవారికి 200 లక్స్ దీపం ఇచ్చి, మూడు నెలలపాటు రోజూ రెండుసార్లు అరగంట చొప్పున కూర్చోబెట్టారు. కుంగుబాటును కొలిచే హామిల్టన్ స్కేలుపై రెండు జట్ల మధ్య తేడా రాలేదు కాబట్టి ప్రకాశవంతమైన కాంతి మసక దీపంకన్నా మెరుగు కాదని తేల్చారు. కానీ రెండు జట్లూ మెరుగుపడ్డాయి! రోజూ వేళ పట్టి లేచి కూర్చోవడమే గడియారానికి సగం చికిత్స. అంటే గడియారపు చికిత్సను గడియారపు చికిత్సతోనే పోల్చారన్నమాట. పైగా ఎక్కువ కాంతి పొందిన జట్టుకే నిద్ర ఎక్కువగా మెరుగైంది, కార్టిసాల్ కూడా తగ్గింది. హామిల్టన్ స్కేలులోని 17 అంశాల్లో మూడు నిద్రవే: పడుకున్నాక పట్టకపోవడం, నడిరాత్రి మెలకువ రావడం, వేకువనే లేచిపోవడం. మాట, కదలిక మందగించడానికీ మార్కులుంటాయి, అది పార్కిన్సన్స్‌లో ఎటూ ఉండేదే. అన్నింటినీ కూడి ఒక్క అంకె చేశాక గడియారం మాట వినబడుతుందా?

కాబట్టి పార్కిన్సన్స్‌లో కుంగుబాటును ముందుగా జీవ గడియారపు రుగ్మతగా చూడాలి. హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా ఓపీ చీటీ మీద మాత్రల వేళల పక్కనే నిద్ర వేళ, మెలకువ వేళ, దిగులు ముదిరే వేళ రాయాలి. మనకు ఖరీదైన దీపాలు అక్కర్లేదు, అరుగు మీద పొద్దుటి వెలుగు చాలు. వచ్చే అధ్యయనంలో దీపమూ నియమిత వేళలూ లేని మూడో జట్టు ఉండాలి, మనసు స్థితిని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి విడివిడిగా కొలవాలి.