రాజకీయ కార్టూన్లు: యూదు ద్వేషం, కులం, రెండు కొలతలు

పత్రికల్లో రాజకీయ కార్టూన్లు ఒక జాతినో కులాన్నో కించపరచడం, ఆ తప్పును తూచే కొలతలు మనిషిని బట్టి మారిపోవడం వందేళ్లకు పైబడిన వివాదం. కార్టూన్‌కు భాష అడ్డు కాదు. భానూర్, పటాన్‌చెరు ఫ్యాక్టరీల దగ్గర టీ కొట్లో తెలుగు పేపరు విప్పితే, తెలుగు అక్షరం రాని ఒడిశా కార్మికుడికి కూడా బొమ్మ అర్థమవుతుంది. అందులో చిన్నచూపు ఉంటే అదీ అంతే సులువుగా చేరుతుంది.

యూరప్‌కు ఇది పాత జబ్బు. 1894లో ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే యూదు సైనికాధికారిపై దేశద్రోహం మోపాక, ఆయన వ్యతిరేకుల పత్రికల్లో వంకీ ముక్కుల యూదుల బొమ్మలు వెల్లువెత్తాయి. జర్మనీలో నాజీ నాయకుడు యూలియస్ స్ట్రైఖర్ 1923లో పెట్టిన 'డెర్ ష్టూర్మర్' పత్రికలో ఫిలిప్ రుప్రెష్ట్, 'ఫిప్స్' పేరుతో, ఏళ్ల తరబడి అదే ముక్కు గీశాడు. కేరికేచర్ మనిషికి ఉన్న ముక్కును సాగదీస్తుంది. వీళ్లు లేని ముక్కును జాతి మొత్తానికి అతికించారు. స్ట్రైఖర్‌ను 1946లో న్యూరెంబర్గ్‌లో ఉరితీశారు.

2005లో డెన్మార్క్ పత్రిక 'యూలాండ్స్ పోస్టెన్' ముహమ్మద్ ప్రవక్తపై 12 బొమ్మలు వేస్తే భావప్రకటనా స్వేచ్ఛ అన్నారు. మరుసటి ఏడాది ఇరాన్ పత్రిక 'హమ్‌షహ్రీ', ఆ స్వేచ్ఛ ఎంతవరకో చూద్దామని, యూదుల మారణహోమంపై కార్టూన్ల పోటీ పెట్టింది. 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ అంతర్జాతీయ సంచికలో వచ్చిన కార్టూన్‌లో ట్రంప్ యూదుల టోపీ పెట్టుకున్న గుడ్డివాడు. ఆయన్ను నడిపించే కుక్కకు నెతన్యాహు ముఖం, మెడలో దావీదు నక్షత్రం. పత్రిక క్షమాపణ చెప్పి, ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, జూలై నుంచి ఆ సంచికలో రోజువారీ రాజకీయ కార్టూన్లే మానేసింది. గీసింది పోర్చుగల్‌కు చెందిన ఆంటోనియో ఆంటునెస్. ఆయన నడిపే 'వరల్డ్ ప్రెస్ కార్టూన్' పోటీలోనే 2014లో 'సాక్షి' కార్టూనిస్టు పామర్తి శంకర్ గీసిన మండేలాకు అత్యున్నత బహుమతి వచ్చింది.

మన దగ్గర ఈ గొడవ అంబేడ్కర్ బొమ్మతో రాజుకుంది. 1949లో మరో శంకర్, పాతతరం కార్టూనిస్టు, గీసిన కార్టూన్‌లో రాజ్యాంగం ఒక నత్త. దానిపై కొరడాతో అంబేడ్కర్, వెనక మరో కొరడాతో నెహ్రూ. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలోని ఈ బొమ్మపై 2012 మేలో పార్లమెంటు దద్దరిల్లింది. పుస్తక సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్శీకర్ రాజీనామా చేశారు. ఇద్దరూ నత్తనే అదిలిస్తున్నారని సమర్థకులు అన్నారు. తాతల వీపు మీద వాతలు గుర్తున్నవాళ్లకు మాత్రం ముందు కనిపించింది నెహ్రూ కొరడా కింద ఉన్న వీపు.

ఆ తర్వాత తెలుగు కార్టూనిస్టు, పరిశోధకుడు ఉన్నమతి శ్యామ్‌సుందర్ 1932–48 మధ్య ఇంగ్లిషు పత్రికల్లో అంబేడ్కర్‌పై వచ్చిన వందకు పైగా కార్టూన్లు వెలికితీశారు. 2019లో నవయాన ప్రచురణ సంస్థ వాటిని 'నో లాఫింగ్ మ్యాటర్'గా అచ్చువేసింది. శంకర్, ఎన్వర్ అహ్మద్ లాంటి పెద్దల గీతలివి. నిండైన విగ్రహమున్న అంబేడ్కర్ వాటిలో తరచూ మిగతా నాయకుల పక్కన పిల్లాడంతే ఉంటారు, కొన్నింట్లో ఆడవేషంలో ఉంటారు. యూదుడికి ముక్కు పెంచారు, దళితుడికి ఎత్తు తగ్గించారు.

ఆ యూదుడూ ఈ దళితుడూ ఒకే మనిషైన చోటూ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదులమని చెప్పుకొనే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. వారి మూలాలు మాదిగవాడలోనివి.