స్టెరిలైజ్

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ‘స్టెరిలైజ్ చేయబడినది’ అన్న కాగితం 2020 నుంచీ అలాగే అతుక్కుని ఉంది. లాటిన్‌లో స్టెరిలిస్ అంటే గొడ్డుబోయినది. సంస్కృతంలో గొడ్డుటావును ‘స్తరీ’ అంటారు, రెంటిదీ ఒకటే వేరు. మన ఊళ్లలో స్టెరిలైజ్ అనే మాటకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అనే అర్థమే స్థిరపడింది. ఆసుపత్రిలో మాత్రం ఏ క్రిమీ మిగలకూడదు: ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి, కనీసం 15 నిమిషాలు. ఒకప్పుడు కాంపౌండరు గాజు సిరంజిని స్టీలు డబ్బాలో సలసలా మరిగించినా మొండి స్పోర్లు బతికిపోయేవి. ఇక లిఫ్టు బటన్ల మీద బ్లీచింగ్ నీళ్లా? అది డిస్‌ఇన్‌ఫెక్షన్, అదీ ముందు జిడ్డు తుడిస్తేనే. శానిటైజ్‌కి మూలం ‘సానిటాస్’, ఆరోగ్యం. దాని పని క్రిముల్ని తగ్గించడం వరకే. ‘శుభ్రం’ అయితే సంస్కృతంలో తెలుపు, మెరుపు. క్రిముల ఊసే లేదు.