మెనోపాజ్‌కు టెలీవైద్యం: ఫోన్‌లో ఏది సాధ్యం? ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

వరుసగా 12 నెలలపాటు నెలసరి రాకపోతే దానిని మెనోపాజ్‌ (రుతువిరతి)గా వైద్యులు పరిగణిస్తారు. భారతీయ మహిళల్లో ఇది సగటున 46–47 ఏళ్లకు వస్తుంది. ఒంట్లోంచి వేడి ఆవిర్లు, రాత్రివేళ చెమటలు, నిద్రలేమి, యోని పొడిబారడం దీని ప్రధాన లక్షణాలు. ఇంట్లోవారితోనూ చెప్పుకోలేక అనేకమంది ఏళ్ల తరబడి వీటిని మౌనంగా భరిస్తుంటారు. ఇటువంటి వారికి టెలీమెడిసిన్‌ ఒక మార్గం చూపుతోంది.

45 ఏళ్లు దాటినవారిలో వయసు, లక్షణాల ఆధారంగానే సాధారణంగా నిర్ధారణ జరుగుతుంది. హార్మోన్‌ పరీక్షల అవసరం పెద్దగా ఉండదు. కనుక తొలి సంప్రదింపు, ఆ తర్వాతి పర్యవేక్షణలో చాలా భాగం వీడియో ద్వారా సాధ్యమే.

ఈ-సంజీవని సేవలు

కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 25న టెలీమెడిసిన్‌ మార్గదర్శకాలను విడుదల చేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఇంటి నుంచే వైద్యులను ఉచితంగా సంప్రదించే ఈ-సంజీవని ఓపీడీ ప్రారంభమైంది. స్మార్ట్‌ఫోన్‌ లేనివారు సమీపంలోని ఆయుష్మాన్‌ ఆరోగ్య మందిర్‌కు వెళితే, అక్కడి సిబ్బంది రక్తపోటు, బరువు చూసి వైద్యులతో వీడియోలో మాట్లాడిస్తారు.

ముందుగా చెప్పవలసినవి

రొమ్ము క్యాన్సర్‌, రక్తనాళాల్లో గడ్డలు, పక్షవాతం, గుండె లేదా కాలేయ జబ్బుల చరిత్ర ఉంటే దాచకూడదు. హార్మోన్‌ చికిత్స ఇవ్వవచ్చా లేదా అన్నది వీటిపైనే ఆధారపడుతుంది. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టోజెన్‌ కూడా అవసరం. లేకుంటే గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్‌ ముప్పు పెరుగుతుంది.

చిన్న వయసులోనే గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ ఉన్నాయి. గర్భసంచి లేనివారికి నెలసరి ఆగడం గుర్తుగా పనికిరాదు. అండాశయాలు కూడా తీసివేస్తే మెనోపాజ్‌ వెంటనే మొదలవుతుంది. ఎముకలు బలహీనపడే ముప్పూ పెరుగుతుంది. అందువల్ల శస్త్రచికిత్స పత్రాలను దగ్గర ఉంచుకుని వైద్యులకు చూపాలి.

ఆసుపత్రికి వెళ్లి తీరాల్సిన సందర్భాలు

నెలసరి ఆగిన ఏడాది తర్వాత కొద్దిపాటి రక్తస్రావం కనిపించినా స్త్రీవైద్య నిపుణులు స్వయంగా పరీక్షించాలి. అల్ట్రాసౌండ్‌, అవసరమైతే బయాప్సీ చేస్తారు. రొమ్ములో గడ్డ తగిలినా, 40 ఏళ్లలోపే నెలసరి ఆగినా ఆలస్యం చేయకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ పరీక్ష, ఎముకల సాంద్రత పరీక్ష కూడా ఫోన్‌లో జరిగేవి కావు.